ఐదు నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు, కొందరికి గంటలు ఎందుకు పట్టింది?

ఈ రోజు ఒక మందు చరిత్ర చెప్పుకుందాం. దాని పేరు సక్సినైల్‌కోలిన్. డాక్టర్లు సక్సా అంటారు, స్కోలిన్ అని కూడా అంటారు. మీ ఇంట్లో ఎవరికైనా పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి ఉంటే, గొంతులో గొట్టం వేసే ముందు ఈ మందు ఎక్కించి ఉండే అవకాశం బాగానే ఉంది. ఎక్కిన నిమిషంలోపు ఒళ్లంతా సడలిపోతుంది, ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. ఐదు నుంచి పది నిమిషాల్లో మందు దిగిపోతుంది, ఊపిరి మళ్లీ మొదలవుతుంది. దాదాపు అందరికీ జరిగేది ఇదే.

కానీ కొద్దిమందికి ఈ మందు దిగదు. ఐదు నిమిషాలు కాదు, రెండు గంటలు, నాలుగు గంటలు పడుతుంది. ఈ కొద్దిమంది ఎవరు అని ప్రపంచమంతా వెతుక్కుంటూ వెళ్తే, ఆ దారి చివరికి మన తెలుగువాళ్ల దగ్గరికే వచ్చింది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట. నేను ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్, ఆ తర్వాత కోడ్ రాసుకునే ఉద్యోగం. డాక్టర్‌ని కాదు. నేను చెప్పేది చరిత్ర. మందుల విషయంలో మీ డాక్టర్ చెప్పిందే వినండి.

సరే, మొదటి ప్రశ్న. మందు ఒంట్లోంచి ఎలా పోతుంది? మనం మామూలుగా "మందు పని అయిపోయింది" అంటాం కదా. నిజానికి చాలా మందులకి పని అయిపోవడం అంటూ ఏమీ ఉండదు. వాటిని అలా వదిలేస్తే పని చేస్తూనే ఉంటాయి. శరీరమే వాటిని పట్టుకుని, విరగ్గొట్టి, బయటికి పంపిస్తుంది. మాత్ర మీద రోజుకి మూడుసార్లు అని రాశారంటే, శరీరం దాన్ని ఎంత వేగంగా బయటికి తోసేస్తుందో లెక్కేసి రాశారన్నమాట.

ఈ సంగతి మొదట బయటపడింది మూత్రంలో. నవ్వకండి, నిజమే. 1840ల మొదట్లో ఐరోపాలో కొందరు బెంజోయిక్ ఆమ్లం మింగి, తమ మూత్రాన్ని తామే పరీక్షించుకున్నారు. లండన్‌లో అలెగ్జాండర్ ఊర్, జర్మనీలో వోలర్ ప్రయోగశాలలో కెల్లర్. మింగింది ఒకటి, బయటికి వచ్చింది ఇంకొకటి. బెంజోయిక్ ఆమ్లం లోపలికి వెళ్లి హిప్యూరిక్ ఆమ్లంగా మారి వచ్చింది. అంటే శరీరం దానికి ఇంకో ముక్క అతికించి పంపింది. అప్పటిదాకా మనిషి శరీరం ఆహారాన్ని మండించే పొయ్యి లాంటిదని అనుకునేవాళ్లు. ఇది పొయ్యి చేసే పని కాదు కదా, ఫ్యాక్టరీ పని.

ఆ ఫ్యాక్టరీలో పెద్ద భాగం లివర్. నూనెలో కరిగే మందు కిడ్నీకి చేరినా తిరిగి రక్తంలోకే జారిపోతుంది. అందుకని లివర్ దాన్ని నీళ్లలో కరిగేలా మార్చాలి, అప్పుడు కిడ్నీ బయటికి తోస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేల్స్ దేశస్థుడు ఆర్.టి. విలియమ్స్ ఈ పనుల్ని వరసలో పెట్టాడు. మొదట మందుని కాస్త చెక్కి ఒక కొక్కెం తయారు చేయడం, తర్వాత ఆ కొక్కేనికి ఏదో ఒకటి తగిలించడం. ఫేజ్ వన్, ఫేజ్ టూ అని ఫార్మసీ పిల్లలు ఇప్పటికీ బట్టీ పట్టేది ఇదే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది గార్బేజ్ కలెక్టర్. వెనకాల నడుస్తూ ఉంటుంది, నడుస్తోందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజే దాని పేరు తెలుస్తుంది.

సక్సినైల్‌కోలిన్‌కి మాత్రం లివర్ దాకా వెళ్లే తీరికే ఉండదు. దీని కథ వేరు.

అసలు ఒళ్లు సడలించే మందు ఎందుకు కావాల్సి వచ్చిందో చూద్దాం. దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతపు ఆదివాసులు బాణాల మొనకి క్యురారే అనే విషం పూసేవాళ్లు. దెబ్బ తిన్న జంతువు కదల్లేక, ఊపిరాడక పడిపోయేది. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ కప్పల మీద ఒక తెలివైన పని చేశాడు. ఒక కాలికి రక్తం వెళ్లకుండా బిగించి కట్టి, మిగతా ఒంటికి క్యురారే ఎక్కించాడు. కట్టిన కాలు తప్ప మిగతా అంతా పడిపోయింది. అంటే ఆ కప్పకి నొప్పి తెలుస్తోంది, మెదడు పని చేస్తోంది, నరంలో కబురు నడుస్తోంది. కబురు కండరానికి చేరే చోట మాత్రమే దారి మూసుకుపోయింది. కప్పకి అన్నీ తెలుస్తున్నాయి అనే సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

1942 జనవరి 23న మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ అనే మత్తు డాక్టర్, అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకుంటున్న ఒక కుర్ర ప్లంబర్‌కి క్యురారే నుంచి తీసిన మందు ఇచ్చాడు. అంతకుముందు కడుపు కండరాలు సడలాలంటే ఈథర్ లాంటి మత్తు విపరీతంగా ఎక్కించాల్సి వచ్చేది. మత్తు ఎంత ఎక్కువైతే ప్రాణానికి అంత ముప్పు. ఇప్పుడు మత్తు కొంచెం చాలు, సడలింపు పని వేరే మందు చూసుకుంటుంది. ఇది చాలా పెద్ద మార్పు. కాకపోతే క్యురారే దిగడానికి అరగంట, అంతకంటే ఎక్కువే పట్టేది. గొట్టం వేయడానికి కావాల్సింది రెండు మూడు నిమిషాలే. వేగంగా ఎక్కాలి, వేగంగా దిగాలి. అలాంటి మందు కావాలి.

విచిత్రం ఏంటంటే, అలాంటి మందు అప్పటికే ఉంది. 1906 నుంచి ఉంది.

ఆ ఏడాది అమెరికాలో రీడ్ హంట్, రెనే టావో అనే ఇద్దరు పరిశోధకులు కోలిన్ నుంచి తయారయ్యే పదార్థాలు రక్తపోటుని ఏం చేస్తాయో చూస్తున్నారు. వాళ్ల జాబితాలో సక్సినైల్‌కోలిన్ కూడా ఉంది. జంతువులకి ఎక్కించి రక్తపోటు కొలిచి రాసుకున్నారు. కండరాలు పడిపోవడం మాత్రం వాళ్లకి కనపడలేదు. ఎందుకంటే ఆ జంతువులు కదలకుండా ఉండటానికి ముందే క్యురారే ఇచ్చి పెట్టారు! ముందే పడిపోయిన కండరం మళ్లీ పడిపోతే ఎవరికి కనపడుతుంది? ఆఫ్‌లో ఉన్న సర్వర్ మీద లోడ్ టెస్ట్ చేసినట్టు అయింది. ఆ తర్వాత 43 ఏళ్లు ఈ మందు లైబ్రరీలో, ఒక పేపర్‌లో, అలా నిద్రపోయింది. అందులో రెండు ప్రపంచ యుద్ధాలు కూడా గడిచిపోయాయి.

1949లో రోమ్‌లో డేనియల్ బోవె, ఆయన సహచరులు దీన్ని మళ్లీ తీసి, ఇది కండరాల్ని సడలిస్తుందని చూపించారు. బోవెకి 1957లో నోబెల్ వచ్చింది. ఇదొక్కటే కారణం కాదు, అలెర్జీ మందుల మీద చేసిన పని కూడా ఉంది. 1951కల్లా వియన్నాలో, స్టాక్‌హోమ్‌లో రోగులకి ఇవ్వడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే లోకమంతా వాడకంలోకి వచ్చింది.

ఇది ఎలా పని చేస్తుందంటే, నరం నుంచి కండరానికి కబురు తీసుకెళ్లే పదార్థం అసిటైల్‌కోలిన్. అలాంటివి రెండు, వీపుకి వీపు అతికిస్తే సక్సినైల్‌కోలిన్. కండరం దీన్ని చూసి తనకి రోజూ వచ్చే కబురే అనుకుని ఒకసారి ముడుచుకుంటుంది. అందుకే మందు ఎక్కగానే కనురెప్పల దగ్గర నుంచి కాళ్ల దాకా చిన్న చిన్న అదురులు కనపడతాయి. అసలు కబురైతే క్షణంలో వెయ్యో వంతులో చెరిగిపోతుంది. ఇది చెరగదు. తలుపు తెరిచి పట్టుకుని నిలబడుతుంది. దాంతో తర్వాత కబురు వచ్చినా కండరం కదలదు.

మరి ఐదు నిమిషాల్లో ఎలా దిగుతుంది? రక్తంలో ఒక ఎంజైమ్ తిరుగుతూ ఉంటుంది. పాత పేరు సూడోకోలినెస్టరేజ్, ఇప్పటి పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. దీన్ని తయారు చేసేది లివర్, కానీ ఇది పని చేసేది రక్తంలోనే. సూది వేసిన క్షణం నుంచే ఇది సక్సినైల్‌కోలిన్‌ని నరకడం మొదలుపెడుతుంది. ఎంత వేగంగా అంటే, ఎక్కించిన మందులో సుమారు పదో వంతే కండరం దాకా చేరుతుంది. మిగతాది దారిలోనే ముక్కలైపోతుంది. అంటే డాక్టర్ ఇచ్చే మోతాదులో పది పాళ్లకి తొమ్మిది పాళ్లు ఈ ఎంజైమ్‌కి నైవేద్యం. ఎంజైమ్ మామూలుగా ఉంటుందన్న నమ్మకం మీదే ఆ మోతాదు లెక్క కట్టారు.

ఆ నమ్మకం తప్పయిన మనిషికి ఏమవుతుందో ఆలోచించండి. దారిలో నరికేవాడు లేడు. పది పాళ్లూ కండరానికి చేరాయి. అక్కడి నుంచి తిరిగి రక్తంలోకి వచ్చినా నరికేవాడు లేడు. కిడ్నీ మెల్లగా కొంత కొంత బయటికి తోస్తుంది, అంతే.

మందు వాడకంలోకి వచ్చిన ఏడాది తిరక్కముందే, 1952కల్లా, ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో కనపడటం మొదలైంది. ఆపరేషన్ అయిపోయింది, కుట్లు వేశారు, మత్తు ఆపేశారు, రోగి ఊపిరి తీసుకోడు. అప్పట్లో థియేటర్లో ఇప్పటిలాంటి వెంటిలేటర్లు ఎక్కడివి? మత్తు డాక్టర్ రబ్బరు సంచి నొక్కుతూ కూర్చోవాలి. ఎంతసేపు నొక్కాలో ఎవరికీ తెలియదు. గంట గడిచాక ఎవరికైనా చేతుల కంటే ముందు ధైర్యం అలిసిపోతుంది.

ఇందులో ఇంకో భయంకరమైన సంగతి ఉంది. బెర్నార్డ్ కప్ప గుర్తుందా? సక్సినైల్‌కోలిన్ మత్తుమందు కాదు. అది స్పృహని తాకదు. మత్తు దిగిపోయి సడలింపు దిగకపోతే ఆ మనిషి మెలకువగా ఉంటాడు. చుట్టూ మాటలు వినపడతాయి, గొట్టం తెలుస్తుంది, కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు. బయటి నుంచి చూసేవాళ్లకి మాత్రం ఇంకా నిద్రలో ఉన్నట్టే కనపడుతుంది. అందుకే ఇప్పటి పద్ధతిలో, ఊపిరి తిరిగి రాలేదని అనుమానం రాగానే చేసే మొదటి పని మళ్లీ మత్తులో ఉంచడం. తర్వాత వెంటిలేటర్ మీద పెట్టి ఓపిగ్గా ఆగడం. మనిషిని నిద్రలో ఉంచి గాలి అందిస్తూ ఉంటే కొన్ని గంటలకి మందు దానంతట అదే దిగిపోతుంది, మనిషి మామూలుగా లేచి కూర్చుంటాడు. ప్రాణం పోయేది మందు వల్ల కంటే, ఏం జరుగుతోందో తెలియక చేసే హడావుడి వల్ల.

ఇప్పుడు కారణం ఎలా దొరికిందో చూద్దాం. లండన్‌లో హెర్మన్ లేమన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. జర్మనీలో పుట్టిన యూదుడు, నాజీల కాలంలో ఇంగ్లండ్ చేరినవాడు. యుద్ధ సమయంలో సైనిక వైద్యుడిగా మన దేశంలో కూడా పని చేశాడు. 1952లో ఆయన, సహచరులు కలిసి ఊపిరి తిరిగిరాని రోగుల రక్తం చూస్తే ఈ ఎంజైమ్ పని చాలా తక్కువగా ఉంది. మొదట అందరూ అనుకున్నది లివర్ జబ్బు అనో, తిండి సరిగా లేదనో. అవి నిజంగానే ఎంజైమ్‌ని తగ్గిస్తాయి. కానీ ఈ రోగుల్లో కొందరు ఆరోగ్యంగా, గుండ్రాయిలా ఉన్నారు. 1956లో లేమన్, రయన్ అలాంటి వాళ్ల కుటుంబాలని పరీక్షిస్తే, అన్నదమ్ముల్లో, తల్లిదండ్రుల్లో కూడా తక్కువే. అంటే ఇది వంశంలో నడుస్తోంది.

(ఒక చిన్న సంగతి. ఇదే లేమన్, ఇదే 1952లో, మేరీ కట్‌బుష్‌తో కలిసి మన నీలగిరి కొండల గిరిజనుల్లో సికిల్ సెల్ లక్షణం ఉందని ప్రకటించాడు. ఆ నీలగిరి పక్కనున్న కోయంబత్తూరుకి మనం కాసేపట్లో వెళ్తాం.)

అసలు ముడి విప్పింది మాత్రం వెర్నర్ కాలో. ఈయనా జర్మనీలో పుట్టినవాడే, కెనడా వెళ్లి టొరంటోలో ఫార్మకాలజీ చెప్పాడు. ఈయన వేసిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. అందరూ ఎంజైమ్ ఎంత ఉంది అని అడుగుతుంటే, ఈయన ఎలాంటిది ఉంది అని అడిగాడు. డిబుకైన్ అని ఒక మందు ఉంది, ఒంట్లో ఒక చోటికి మాత్రమే తిమ్మిరి ఎక్కించేది. అది ఈ ఎంజైమ్‌ని అణిచేస్తుంది. మామూలు మనిషి రక్తంలో డిబుకైన్ కలిపితే ఎంజైమ్ పని సుమారు 80 శాతం అణిగిపోతుంది. ఊపిరి తిరిగిరాని రోగుల రక్తంలో కలిపితే 20 శాతమే అణిగింది. ఎంజైమ్ తక్కువైందన్నది కాదు సంగతి, దాని ఆకారమే వేరు. ఇంకా అందమైన విషయం, ఆ రోగుల తల్లిదండ్రులకి చూస్తే 60 దగ్గర వచ్చింది. మధ్యలో! అంటే వాళ్లలో రెండు రకాలూ కలిసి ఉన్నాయి, ఒక జన్యువు మామూలుది, ఒకటి తేడాది. 1957లో కాలో, జెనెస్ట్ ప్రచురించిన ఈ లెక్కని డిబుకైన్ నంబర్ అంటారు. ఒక గాజుగొట్టంలో, చవకైన ఒక పరీక్షతో, మెండెల్ బఠానీ గింజల్లో చూసింది మత్తు డాక్టర్ బల్ల మీద కనపడింది.

అదే 1957లో అమెరికాలో ఆర్నో మోటల్‌స్కీ, మందులు ఒక్కొక్కరికి ఒక్కోలా పని చేయడం వెనక వంశపారంపర్యం ఉందని ఒక వ్యాసం రాశాడు. 1959లో ఫ్రీడ్రిష్ ఫోగెల్ ఈ చదువుకి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు. 1962లో కాలో దీని మీద మొదటి పుస్తకం రాశాడు.

ఆ రోజుల్లోనే మద్రాసులో ఇంకో పని జరుగుతోంది. దాన్ని చెప్పకుండా ముందుకు వెళ్తే అన్యాయం. 1956లో మద్రాసులో టీబీ మందుల మీద పరిశోధనకి ఒక కేంద్రం పెట్టారు. ఐసీఎంఆర్, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టినది. టీబీ రోగిని ఆస్పత్రిలో నెలల తరబడి పడుకోబెట్టక్కర్లేదు, ఇంటి దగ్గర ఉంచి మందు ఇచ్చినా నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపించింది వీళ్లే. ఆ మందుల్లో ముఖ్యమైనది ఐసోనియజిడ్. దీన్ని లివర్ ఒక ముక్క అతికించి పంపేస్తుంది. కానీ కొందరి లివర్ ఈ పని చకచకా చేస్తుంది, కొందరిది నిదానంగా. ఇదీ వంశపారంపర్యమే. 1961లో గంగాధరం, ఆయన సహచరులు దక్షిణ భారత రోగుల రక్తం చూసి, ఎక్కువమంది, సుమారు 60 శాతం, నిదానం రకమని చెప్పారు. జపాన్‌లో చూస్తే తలకిందులు, అక్కడ ఎక్కువమంది వేగం రకం.

దీని వల్ల ఏమవుతుందంటే, నిదానం రకం వాళ్లలో మందు ఎక్కువసేపు ఉంటుంది. టీబీ బాగా తగ్గుతుంది, కానీ అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వచ్చే అవకాశం ఎక్కువ. దానికి బి6 విటమిన్ ఇస్తే సరిపోతుంది. వేగం రకం వాళ్లకి రోజూ ఇస్తే బాగానే పని చేస్తుంది గానీ, వారానికి ఒక్కసారే ఇచ్చి చూస్తే వెనకబడ్డారు. ఎందుకంటే మిగతా రోజుల్లో ఒంట్లో మందే ఉండదు. ఒకే మాత్ర, ఒకే వార్డు, పక్కపక్క మంచాలు. ఒకరికి ఎక్కువ, ఒకరికి చాలదు. మన పెద్దవాళ్లు "వాడి ఒంటికి ఆ మందు పడదు" అంటే నేను నవ్వేవాణ్ని. మద్రాసు వాళ్లు ఆ మాటనే రక్తంలో కొలిచారు.

సరే, మళ్లీ సక్సినైల్‌కోలిన్ దగ్గరికి వద్దాం. 1962లో లేమన్ బృందం ఇంకో రకాన్ని కనిపెట్టింది. ఇందులో ఎంజైమ్ ఆకారం మారడం కాదు, పని అసలు సున్నా. దీనికి సైలెంట్ అని పేరు పెట్టారు. ఇలాంటి వాళ్లు ప్రపంచంలో చాలా అరుదు. అరుదు అన్న మాట అన్ని చోట్లా నిలవలేదు.

2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, అమెరికాలో నెబ్రాస్కాలో ఈ ఎంజైమ్ మీదే జీవితమంతా పని చేసిన ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి ఒక పేపర్ వేశారు. కోయంబత్తూరులోని వైశ్య సమాజంలో ఈ ఎంజైమ్ పని దాదాపు లేని వాళ్లు అసాధారణంగా ఎక్కువమంది ఉన్నారు. కారణం ఒకే ఒక్క అక్షర దోషం. ఎంజైమ్ గొలుసులో 307వ చోట లూసిన్ ఉండాల్సింది ప్రోలిన్ ఉంది. కోడ్ రాసే నాలాంటి వాడికి ఇది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అంత పెద్ద ఫైల్‌లో ఒక్క అక్షరం.

ఎందుకు అక్కడే? జవాబు మన హైదరాబాద్ నుంచి వచ్చింది. హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ ఉంది కదా, అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ కలిసి 2009లో భారతీయుల జన్యు చరిత్ర మీద నేచర్ పత్రికలో ఒక పేపర్ వేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ వైశ్యుల నమూనాలు ఉన్నాయి. వాటిని చూసి వాళ్లు చెప్పింది ఏంటంటే, ఈ సమాజం రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, ఆ తర్వాత బయటి వాళ్లతో దాదాపు కలవలేదు. ఊళ్లో పక్క వీధిలోనే ఉండి, కొట్లో రోజూ అందరితో బేరం చేస్తూ, అన్ని తరాలు పెళ్లిళ్లు మాత్రం లోపలే. ఆ కొద్దిమంది పూర్వీకుల్లో ఎవరో ఒకరికి ఈ అక్షర దోషం ఉండి ఉంటుంది. సంఖ్య లక్షల్లోకి పెరిగింది, దోషమూ దాంతో పాటే పెరిగింది. 2017లో ఇదే బృందాలు నేచర్ జెనెటిక్స్‌లో ఇంకో పేపర్ వేశాయి. దాని ప్రకారం ఈ ఎంజైమ్ లోపం వైశ్యుల్లో మిగతా వాళ్లకంటే సుమారు 100 రెట్లు ఎక్కువ.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ఇది చెప్పగానే మన వాళ్లు వెంటనే "మేనరికాల వల్ల" అంటారు. కాదు. మేనరికం అంటే దగ్గరి చుట్టాల మధ్య పెళ్లి, దాని లెక్క వేరు. ఆర్యవైశ్యుల్లో 102 గోత్రాలు అంటారు, ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోరు. ఏ చుట్టరికమూ లేని రెండు కుటుంబాలు, ఒకటి ప్రొద్దుటూరు, ఒకటి వరంగల్ అనుకోండి, గోత్రాలు వేరు, ఏడు తరాలు వెనక్కి వెళ్లినా బంధుత్వం దొరకదు. అయినా రెండు వేల ఏళ్ల కిందటి ఆ ఒక్క పూర్వీకుడు ఇద్దరికీ ఉమ్మడి కావచ్చు. పెళ్లిళ్ల పేరయ్య పుస్తకంలో అంత పాత పేజీ ఉండదు. ఇద్దరిలో ఒక్కో కాపీ ఉంటే వాళ్లకి ఏమీ తెలియదు. పుట్టే పిల్లల్లో నాలుగింట ఒక వంతు అవకాశం, రెండు కాపీలూ వచ్చేందుకు.

ఇది ఒక్క కులం సంగతి కూడా కాదు. 2017 పేపర్‌లో చూసిన 263 సమాజాల్లో 81 ఇలాంటివే, ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదులకంటే గట్టి మూల పురుషుల ముద్ర ఉన్నవి. వైశ్యుల దోషం ఏంటో మనకి తెలిసింది, ఎందుకంటే దాన్ని బయటపెట్టే మందు ఒకటి ఉంది. మిగతా వాళ్లవి ఇంకా వెతకాలి.

అసలు దీన్ని జబ్బు అనొచ్చా? నా లెక్కలో అనకూడదు. ఈ ఎంజైమ్ లేని వాళ్లు పుడతారు, చదువుకుంటారు, వ్యాపారం చేస్తారు, మనవల్ని ఎత్తుకుంటారు, ఏ తేడా ఉండదు. 1951 వరకు ఈ లోపం ఉందని భూమి మీద ఎవరికీ తెలిసే అవకాశమే లేదు. ఆ మందు వచ్చాకే ఈ అక్షరానికి అర్థం వచ్చింది. కాబట్టి సంబంధం చూసేటప్పుడు ఎంజైమ్ రిపోర్ట్ అడిగే తెలివితేటలు ఎవరికైనా వస్తే, దయచేసి ఆపండి. అడగాల్సిన చోటు పెళ్లి చూపులు కాదు, ఆపరేషన్ థియేటర్.

ఇంకో చోట కూడా ఇది పనికొస్తుంది. మన జిల్లాల్లో పురుగుమందు తాగిన కేసు వస్తే డాక్టర్లు చేసే రక్త పరీక్షల్లో సీరమ్ కోలినెస్టరేజ్ ఒకటి. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఇదే ఎంజైమ్‌ని చంపేస్తాయి, అందుకని అంకె తక్కువ వస్తే విషం పని చేస్తోందని లెక్క. పుట్టుకతోనే ఈ అంకె సున్నా దగ్గర ఉన్న మనిషి వేరే కారణంతో స్పృహ తప్పి వచ్చాడనుకోండి, ఆ ఒక్క కాగితం చూసి దారి తప్పే ప్రమాదం ఉంది. తిరగేసి చూస్తే, పురుగుమందు తాగిన మనిషికి గొట్టం వేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే, అతని కులం ఏదైనా, అది చాలాసేపు దిగదు. ఎంజైమ్ అప్పటికే పోయింది కదా.

ఇప్పుడైతే వేరే దారి ఉంది. రోక్యురోనియం అనే మందు ఈ ఎంజైమ్ మీద ఆధారపడదు, దాన్ని దించడానికి సుగమాడెక్స్ అని విరుగుడు కూడా ఉంది. మివాక్యూరియం మాత్రం ఈ ఎంజైమ్ మీద ఆధారపడేదే, కాబట్టి అది కూడా వీళ్లకి వద్దు. సీరమ్ కోలినెస్టరేజ్ పరీక్ష పెద్ద ఊళ్లలో ల్యాబుల్లో దొరుకుతుంది. సైలెంట్ రకానికి డిబుకైన్ నంబర్ కంటే ఈ మామూలు పరీక్షే తేలిగ్గా చెప్పేస్తుంది, ఎందుకంటే పని చేసే ఎంజైమే లేనప్పుడు అణచడానికి ఏముంటుంది?

మీ కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత "మత్తు దిగలేదు, గంటలు గంటలు మిషన్ మీద పెట్టారు" అనే కథ ఉందేమో మీ నానమ్మనో, మేనత్తనో అడగండి. ఇళ్లల్లో ఈ కథలు ఉంటాయి, "ఆ డాక్టర్ మత్తు ఎక్కువ ఇచ్చాడు" అనే తీర్పుతో సహా ఉంటాయి. అలాంటిది ఏదైనా ఉంటే, మీకో మీ అన్నదమ్ములకో ఆపరేషన్ అన్నప్పుడు మత్తు డాక్టర్ ముందు రోజు వచ్చి అడిగే ప్రశ్నల్లో ఒకటి ఉంటుంది, ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది అయిందా అని. మనవాళ్లు అందరం అలవాటుగా "ఏం లేదు సార్" అంటాం. అక్కడ ఆ కథ చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో మద్రాసు టీబీ కేంద్రం మీద పూర్తిగా మాట్లాడుకుందాం. అరగంట సరిపోదేమో, రెండు భాగాలు చేస్తాను. ఉంటానండి.